ఖండచలన ద్రష్ట ఆల్ఫ్రెడ్ వెగెనరు

భూమికి మన పెద్దలు పెట్టిన పేర్లు పెక్కు గలవు. అమరకోశము వల్లించినవారు అచల, స్థిర అను రెండు పేర్లను బాల్యముననే నేర్చుకొనియుందురు. కదలనిది, నిలుకడ గలది అని వాని యర్థము. మన దేశముననే కాదు, లోకమునందంతటను పండితులును పామరులును నేలను గూర్చి అట్లే తలచుచుండిరి. భూగోళము సూర్యుని చుట్టు తిరుగుచున్నదని ఒప్పుకొనిన పిమ్మట కూడ, ఆ గోళముపైనున్న ఖండములు మాత్రము తమ తమ తావులను విడువక నిలిచియున్నవని శాస్త్రజ్ఞులు నిశ్చింతగా నమ్మిరి.

ఆ నమ్మికను కదలించినవాడు ఆల్ఫ్రెడ్ వెగెనరు అను జర్మను దేశీయుడు. అతడు భూగర్భ శాస్త్రమును వృత్తిగా గొన్నవాడు కాడు. గాలిని, మేఘములను, మంచును పరిశీలించుట అతని పని. ఒక పటముల పుస్తకమును తిరుగవేయుచు, ఒక గ్రంథాలయమున దొరకిన వ్యాసమును చదువుచు అతడు పొందిన భావము నేడు భూమిని గూర్చిన శాస్త్రమున కంతటికిని పునాదియైనది. కాని ఆ పునాది స్థిరపడుట చూచు భాగ్యము అతనికి లేకపోయెను. అతడు గతించిన ముప్పదియైదేండ్లకు గాని లోకము అతని మాటను నమ్మలేదు. అప్పుడైనను అతని పక్షమున సాక్ష్యము పలికినవారు మనుష్యులు కారు. సముద్రగర్భమున చల్లారిన నల్లరాళ్లు.

బాల్యము, విద్య

వెగెనరు 1880వ సంవత్సరము నవంబరు 1వ తేదీన బెర్లిను నగరమున జన్మించెను. తండ్రి రిషార్డు వెగెనరు క్రైస్తవ మతాచార్యుడు. ప్రాచీన భాషలను బోధించు ఉపాధ్యాయుడు. అనాథ బాలుర శరణాలయమునకు పెద్ద. తల్లి పేరు అన్నా. వారి యైదుగురు సంతానములో ఆల్ఫ్రెడ్ కడగొట్టువాడు. అతనికంటె రెండేండ్లు పెద్దయైన అన్న కుర్టు జీవితమంతయు అతనికి తోడునీడగా నుండెను. తండ్రికి గ్రీకు, లాటిను భాషలయందు మక్కువ. కుమారులకు ఆకసముపైనను, అడవులపైనను మక్కువ. సెలవు దినములను పల్లెపట్టున గడపుచు, సరస్సులలో పడవలు నడపుచు, శీతకాలమున మంచుపై జారుచు అన్నదమ్ములిద్దరును దేహమును గట్టిపరచుకొనిరి. ఆ గట్టిదనము తరువాతి కాలమున ఆల్ఫ్రెడునకు మిక్కిలి యక్కరకు వచ్చెను.

బెర్లిను, హైడెల్‌బెర్గు, ఇన్స్‌బ్రుక్ నగరముల విశ్వవిద్యాలయములందు అతడు చదివెను. మొదట నక్షత్ర శాస్త్రము నభ్యసించి, 1905లో బెర్లిను విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమును పొందెను. అయినను రాత్రులందు దూరదర్శినికడ కూర్చుండి లెక్కలు కట్టుటలో అతని మనస్సు నిలువలేదు. ఎండయనక వానయనక ఆరుబయట తిరిగి ప్రకృతిని పరీక్షింపవలెనని అతని కోరిక. కావున ఆ సంవత్సరముననే లిండెన్‌బెర్గునందలి వాతావరణ పరిశోధనాలయమున ఉద్యోగమునకు చేరెను. అన్న కుర్టును అచ్చటనే యుండెను. గాలిపటములకును, బెలూనులకును పరికరములు కట్టి పైకెగురవైచి, ఎత్తుపోయినకొలది గాలియొక్క వేడిమి, తేమ, వేగము ఎట్లు మారునో కనుగొనుట అచ్చటి పని. 1906 ఏప్రిలులో అన్నదమ్ములిద్దరును ఒక బెలూను నెక్కి యేబది రెండున్నర గంటలసేపు నేలకు దిగక ఆకసముననే తిరిగిరి. అంతసేపు బెలూనులో నున్నవారు అంతకుముందు ఎవ్వరును లేరు.

మంచు నేలలో మొదటి యాత్ర

ఆ సంవత్సరముననే వెగెనరు చిరకాల వాంఛ యొకటి నెరవేరెను. గ్రీన్‌లాండు ఈశాన్య తీరమును పరిశోధించుటకు బయలుదేరిన డెన్మార్కు దేశపు యాత్రికుల బృందములో అతనికి వాతావరణ పరిశీలకుని పని లభించెను. గ్రీన్‌లాండనగా పచ్చని నేల యని యర్థమైనను, ఆ ద్వీపమున హెచ్చుభాగము తెల్లని మంచు దుప్పటిక్రింద మునిగియుండును. కొన్ని తావుల ఆ మంచు మూడు కిలోమీటర్ల మందము గలది. శీతకాలమున వారముల తరబడి సూర్యుడు కన్పట్టడు. అట్టి చోట రెండేండ్లుండి, తీరమున పరిశోధనా స్థానము నేర్పరచి, గాలిపటములను ఎగురవైచి, దినదినమును లెక్కలు వ్రాసికొనెను. ఆ యాత్రలోనే బృంద నాయకుడైన మీలియస్ ఎరిక్సెను ఇద్దరు అనుచరులతో మంచులో తప్పిపోయి మరణించెను. ధ్రువ ప్రాంతము మనుష్యుని యెంత నిర్దాక్షిణ్యముగ పరీక్షించునో వెగెనరు కన్నులార చూచెను. చూచియు వెనుదీయలేదు.

1908లో తిరిగివచ్చి మార్బుర్గు విశ్వవిద్యాలయమున ఉపన్యాసకుడయ్యెను. కఠిన విషయమును తేటగా చెప్పగల నేర్పు అతనికి కలదని విద్యార్థులు చెప్పుకొనుచుండిరి. వాతావరణమునందలి వేడిమిని గూర్చి అచ్చట అతడు వ్రాసిన గ్రంథము 1911లో వెలువడి పండితుల మన్ననను పొందెను. ఆ రోజులలోనే వాతావరణ శాస్త్రమున సుప్రసిద్ధుడైన వ్లదిమీర్ కెప్పెను అను వృద్ధ పండితునితో పరిచయమేర్పడెను. కెప్పెను కుమార్తె ఎల్సాను 1913లో వెగెనరు వివాహమాడెను.

ఒక పటము, ఒక వ్యాసము

1910వ సంవత్సరాంతమున, క్రిస్మసు పండుగ దినములలో, వెగెనరు మిత్రునికి కానుకగా వచ్చిన క్రొత్త భూగోళ పటముల గ్రంథమును చూచుచుండెను. అట్లాంటిక్ మహాసముద్రమునకు ఇరుప్రక్కలనున్న తీరములపై అతని దృష్టి నిలిచెను. దక్షిణ అమెరికా తూర్పు తీరమున బ్రెజిలు దేశము ఎచ్చట ముందునకు పొడుచుకొని వచ్చినదో, ఆఫ్రికా పడమటి తీరము సరిగా అచ్చటనే లోనికి వంగియున్నది. రెండింటిని దరిచేర్చినచో ఒకదానిలో నొకటి ఇమిడిపోవునట్లున్నవి. ఈ పోలికను అంతకుముందు చూచినవారు లేకపోలేదు. కాని వారు చూచి యూరకుండిరి. వెగెనరు కూడ తొలుత ఆ భావమును నమ్మదగినది కాదని ప్రక్కన బెట్టెను.

మరుసటి యేడు శరత్కాలమున మార్బుర్గు గ్రంథాలయములో అతనికి ఒక వ్యాసము కంటబడెను. ఆఫ్రికా, బ్రెజిలు దేశముల రాళ్లలో ఒకే జాతి ప్రాచీన జంతువుల యవశేషములు దొరకుచున్నవని అందు వ్రాసియుండెను. ఆ జీవులు మహాసముద్రమును దాటుటకు పూర్వకాలమున ఖండముల నడుమ భూమి వంతెనలుండెననియు, అవి పిమ్మట సముద్రమున మునిగిపోయినవనియు నాటి పండితుల యభిప్రాయము. వెగెనరునకు ఆ సమాధానము రుచింపలేదు. ఖండముల శిల తేలికయైనది. సముద్రతలపు శిల బరువైనది. తేలికయైన వస్తువు బరువైన దానిలో మునుగుట ప్రకృతి విరుద్ధము. వంతెన మునుగలేదు, ఖండములే విడిపోయినవని అతడు నిశ్చయించెను.

ఆ వ్యాసము వాతావరణ శాస్త్రమునకు సంబంధించినది కాదు. తన వృత్తికి పనికిరాదని అతడు దానిని మూసివేసియుండవచ్చును. మూసివేయక చదివెను, చదివినదానిని మనస్సున నిలిపి ఇంకను వెదకెను. మూడు నాలుగు నెలలలోనే, 1912 జనవరి 6వ తేదీన, ఫ్రాంక్‌ఫర్టు నగరమున భూగర్భ శాస్త్రజ్ఞుల సభలో తన సిద్ధాంతమును చదివి వినిపించెను. అప్పటికి అతని వయస్సు ముప్పది యొక్క సంవత్సరములు. సభ్యులలో పలువురు మండిపడిరి. కెప్పెను సయితము తన పనిని వదలి పరుల పొలమున అడుగిడవలదని అతనిని మందలించెను. ఆ వృద్ధుడే తరువాత ఆ సిద్ధాంతమునకు అండయై, అల్లునితో కలసి ప్రాచీన యుగముల శీతోష్ణస్థితులను గూర్చిన గ్రంథమును 1924లో ప్రకటించెను.

1912లో అచ్చువేసిన వ్యాసములో వెగెనరు మరియొక మాట వ్రాసెను. అట్లాంటిక్ సముద్రపు నడుమ ఉత్తర దక్షిణములుగా సాగిన మిట్ట యున్నదని నాటికే తెలిసియుండెను. అచ్చట సముద్రతలము నిరంతరము చీలుచుండవచ్చుననియు, ఆ చీలికలోనికి భూగర్భమునుండి వేడి పదార్థము పైకుబుకుచుండవచ్చుననియు అతడు సూచించెను. తరువాత వ్రాసిన గ్రంథములలో ఆ సూచనను విడిచిపెట్టెను. చేతికందిన తాళపుచెవిని ఎరుగక జారవిడిచినట్లయ్యెను.

గ్రంథ రచన, సాక్ష్యములు

1912, 1913 సంవత్సరములలో వెగెనరు కోహ్ అను డెన్మార్కు దేశీయునితో మరల గ్రీన్‌లాండునకు పోయి, మంచు దుప్పటిమీదనే శీతకాలము గడపి, నలుగురు మనుష్యులతో, కొలదిపాటి పొట్టి గుర్రములతో ఆ ద్వీపమును తూర్పునుండి పడమటికి దాటెను. తిరిగివచ్చిన మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధము సంభవించెను. సైన్యమున చేరిన వెగెనరు బెల్జియము పోరులో రెండుమార్లు గాయపడెను. ఆ గాయములు మానుటకై లభించిన విశ్రాంతి కాలమున ఖండముల యొక్కయు, సముద్రముల యొక్కయు పుట్టుకను గూర్చిన తన గ్రంథమును వ్రాసెను. 1915లో వెలువడిన ఆ పుస్తకము నూరు పుటలకు లోబడినది. 1920, 1922, 1929 సంవత్సరములలో దానిని పెంచి, దిద్ది, మూడుమార్లు మరల ప్రకటించెను.

అందు అతడు చూపిన సాక్ష్యములు పెక్కు. మెసోసారస్ అను చిన్న సరీసృపము నీటి మడుగులలో నివసించినది; దాని యెముకలు దక్షిణ ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను మాత్రమే దొరకును. అట్టి చిన్నప్రాణి వేల కిలోమీటర్ల ఉప్పునీటిని ఈదినదనుట నమ్మరాదు. గ్లాసాప్టెరిస్ అను ప్రాచీన వృక్షము ఆకుల ముద్రలు భారతదేశము, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాలందు బొగ్గు గనులలో కన్పట్టుచున్నవి. నేడు ఎండలు మండు మన గోదావరి లోయలో, సింగరేణి బొగ్గును కన్న గోండ్వానా శిలల అడుగున, ఒకప్పుడు హిమానీనదములు ఈడ్చి తెచ్చిన గులకరాళ్ల పొర లున్నవి. మరియొకవంక ధ్రువమునకు సమీపమైన స్పిట్స్‌బెర్గెను ద్వీపమున, వెచ్చని అడవులు పెరిగినగాని యేర్పడని బొగ్గు దొరకుచున్నది. ఈ వింతలకన్నిటికి ఒక్కటే సమాధానము: ఖండములన్నియు పూర్వ మొక్కటిగా నుండి, విడిపోయి, నేటి తావులకు చేరినవి. ఆ యేక ఖండమునకు అతడు పాంజియా యని పేరు పెట్టెను. దాని దక్షిణ భాగమునకు అంతకుముందే మన దేశపు గోండుల సీమను బట్టి గోండ్వానా యని పండితులు పేరిడియుండిరి.

చిరిగిన పత్రిక ముక్కలను జతపరచినప్పుడు అంచులు కలియుట చాలదు. అచ్చు పంక్తులు కూడ ఒక ముక్కనుండి మరియొక ముక్కకు తెగక సాగవలెను. అప్పుడే అవి ఒకే కాగితమని చెప్పగలము. ఖండముల విషయమున పర్వత శ్రేణులు, శిలల పొరలు, జీవుల యవశేషములు ఆ పంక్తులవలె కలియుచున్నవని వెగెనరు వాదము.

పండితుల తిరస్కారము

వాదము బలమైనదే. కాని వెగెనరు ఒక ప్రశ్నకు సరియైన జవాబు చెప్పలేకపోయెను. ఇంతింత ఖండములను ఏ శక్తి నెట్టినది? భూభ్రమణము వలన పుట్టి, వస్తువులను ధ్రువములనుండి మధ్యరేఖవైపునకు త్రోయు బలమును, సూర్యచంద్రుల ఆకర్షణమును అతడు కారణములుగా జూపెను. ఆ బలములు ఈ కార్యమునకు ఏమాత్రము చాలవని ఆంగ్ల గణితజ్ఞుడు హెరాల్డు జెఫ్రీస్ లెక్కవేసి చూపెను. సముద్రతలపు గట్టి శిలను చీల్చుకొని ఖండములు పడవలవలె సాగినవనుట యసంభవమని పలువురు పలికిరి. గ్రీన్‌లాండు ఏటికి పది మీటర్లకు మించి కదలుచున్నదని వెగెనరు నమ్మెను. నాటి కొలతలు లోపభూయిష్ఠములని తరువాత తేలెను. ఈ విషయములందు అతని విమర్శకులు పలికినది నిజము.

అయితే విమర్శ అంతటితో నాగలేదు. 1926లో న్యూయార్కు నగరమున చమురు శోధించు భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ సిద్ధాంతమును చర్చించుటకై కూడినప్పుడు, పలువురు వక్తలు సిద్ధాంతమునే కాక కర్తను గూడ ఎగతాళి చేసిరి. అతడు భూగర్భ శాస్త్రజ్ఞుడు కాడనుట వారి పెద్ద యాక్షేపణ. కారణము తెలియనంతమాత్రమున కార్యము లేదనుట తర్కము కాదని కొందరికే తోచెను. జర్మనీలో అతనికి ఆచార్య పదవి లభింపలేదు. 1924లో ఆస్ట్రియా దేశమునందలి గ్రాట్సు విశ్వవిద్యాలయము అతని కొఱకు ఆ పదవి నేర్పరచినప్పుడే, భార్యతోను, ముగ్గురు కుమార్తెలతోను అతడు నిలకడగా కాపురముండెను. తనను నిందించినవారిపై అతడు పరుషముగా వ్రాయలేదు. క్రొత్త సాక్ష్యములను చేర్చుచు, తప్పులను దిద్దుచు పుస్తకమును మాత్రము పెంచుచు వచ్చెను.

తుది యాత్ర

1930లో వెగెనరు తన నాల్గవ గ్రీన్‌లాండు యాత్రకు నాయకుడై బయలుదేరెను. ద్వీపము నడిబొడ్డున, తీరమునకు సుమారు 400 కిలోమీటర్ల దూరమున, సముద్ర మట్టమునకు 3,000 మీటర్ల యెత్తున ఒక స్థానము నెలకొల్పి, శీతకాలమంతయు గాలిని, మంచును పరిశీలింపవలెనని సంకల్పము. ఆ స్థానమునకు జర్మను భాషలో నడిమంచు అను నర్థమునిచ్చు ఐస్‌మిట్టె యను పేరు పెట్టిరి. తీరమున మంచు కరగుట ఆలస్యమై సామగ్రి దిగుమతి వారముల తరబడి నిలిచిపోయెను. యంత్రములతో నడచు మంచుబండ్లు పనిచేయలేదు. ఐస్‌మిట్టెలో నున్న గెయోర్గి, జోర్గె అను శాస్త్రజ్ఞులకు శీతకాలమునకు చాలినంత ఆహారము, చమురు చేరలేదు. గడువులోగా సామగ్రి రానిచో కాలినడకను తిరిగివత్తుమని వారు వార్త పంపిరి. ఆ చలిలో నడచుట మరణమునకు ఎదురేగుటయని వెగెనరు ఎరుగును.

సెప్టెంబరు 21వ తేదీన అతడు లెవె అను సహచరునితోను, పదుమువ్వురు గ్రీన్‌లాండు దేశీయులతోను, పదునైదు కుక్కల బండ్లతోను బయలుదేరెను. మంచు తుఫానులకు తాళలేక ఆ దేశీయులలో పన్నిద్దరు వెనుకకు మరలిరి. రాస్మస్ విల్లుమ్సెన్ అను యువకు డొక్కడే నిలిచెను. సామగ్రిలో హెచ్చుభాగమును దారిలో విడిచి, నలుబది దినములు ప్రయాణము చేసి, అక్టోబరు 30వ తేదీన ఆ ముగ్గురు ఐస్‌మిట్టె చేరిరి. చలి సున్నకు దిగువ ఏబది డిగ్రీలను దాటియుండెను. లెవె కాలివ్రేళ్లు మంచు సోకి చచ్చుపడగా కోసివేయవలసివచ్చెను. గెయోర్గి, జోర్గెలు మంచులో గుహ త్రవ్వుకొని, ఉన్న ఆహారముతోనే శీతకాలము గడపుటకు నిశ్చయించుకొనియుండిరి. కాని ఉన్నది అందరికిని చాలదు. లెవె నడువలేడు. కావున వెగెనరు తాను రాస్మస్‌తో తిరిగిపోవుటకు సిద్ధపడెను.

1930 నవంబరు 1వ తేదీ వెగెనరు ఏబదియవ జన్మదినము. ఆ దినమున రెండు బండ్లతో, పదునేడు కుక్కలతో వారిద్దరును పడమటి తీరమునకు బయలుదేరిరి. తీరము చేరలేదు. 1931 మే నెల 12వ తేదీన, సగము దారిలో మంచున నిలువుగా నాటిన స్కీ కర్రల జతను వెదకబోయినవారు కనుగొనిరి. వాని నడుమ మంచు త్రవ్వగా వెగెనరు దేహము, దుప్పటులలో చక్కగా కుట్టి, భక్తితో పూడ్చిపెట్టినట్లు కన్పట్టెను. అతిశ్రమచే గుండె యాగి మరణించియుండునని వారు తలచిరి. ఆ తుది సేవ చేసినవాడు రాస్మస్. నాయకుని దినచర్య పుస్తకములను తీసికొని ఒంటరిగా ముందునకు సాగిన ఆ యువకుడు మరల కన్పట్టలేదు. దేహమును అచ్చటనే యుంచి గుర్తు నాటిరి. అన్న కుర్టు వచ్చి యాత్రా నాయకత్వమును వహించి తమ్ముడు తలపెట్టిన పనిని పూర్తిచేసెను.

రాళ్లు పలికిన సాక్ష్యము

వెగెనరు తన పుస్తకమునకు తుది మెరుగులు దిద్దిన 1929వ సంవత్సరముననే, జపాను దేశమున క్యోటో నగరవాసియైన మొతొనొరి మతుయామ అను పండితుడు ఒక వింతను ప్రకటించెను. దాని యర్థము తెలిసికొనుటకు రాతి స్వభావమును కొంత ఎరుగవలెను. అగ్నిపర్వతమునుండి వెలువడు లావాలో ఇనుము గల సూక్ష్మ కణములుండును. మిక్కిలి వేడిగా నున్నంతకాలము వానికి అయస్కాంత గుణముండదు. చల్లారునప్పుడు అవి నాటి భూమి యయస్కాంత దిశ ననుసరించి ఆ గుణమును పొంది, రాయి గట్టిపడిన పిమ్మట అట్లే నిలిచిపోవును. అనగా ప్రతి లావా రాయియు తాను పుట్టిన దినమున దిక్సూచి ఎటు చూపెనో జ్ఞాపకముంచుకొను నొక శాసనము.

ఫ్రెంచి దేశీయుడైన బెర్నార్డు బ్రూన్ 1906లోనే, లావా వేడికి కుమ్మరి ఆములోని కుండవలె కాలిన మట్టి పొరలో, నేటి దిశకు సరిగా తలక్రిందైన అయస్కాంత దిశను గుర్తించెను. మతుయామ జపాను, కొరియా, మంచూరియాల శిలలను పరీక్షించి, ఇటువంటి విపర్యయము ఒకానొక ప్రాచీన కాలమునకు చెందిన రాళ్లలో వరుసగా కనబడుచున్నదని చూపెను. నేడు ఉత్తరమును చూపు దిక్సూచి ముల్లు ఆ కాలమున దక్షిణమును చూపియుండునన్నమాట. పండితులు దానిని పట్టించుకొనలేదు. 1960 తరువాత అమెరికాలో కాక్స్, డోయెల్, డాల్‌రింపుల్ అనువారును, ఆస్ట్రేలియాలో మరికొందరును రాళ్ల వయస్సును కొలిచి, ఈ తారుమారు నిజమేయనియు, అనేక పర్యాయములు జరిగినదనియు స్థాపించి, వాని కాలపట్టికను కూర్చిరి. కడపటి విపర్యయము జరిగి సుమారు 7,80,000 సంవత్సరములైనది. నేటి దిశ గల యుగమునకు బ్రూన్ పేరును, దాని ముందటి విపరీత యుగమునకు మతుయామ పేరును పెట్టి వారిని గౌరవించిరి.

ఇంతలో సముద్రముల లోతు కొలిచినవారు, నీటి యడుగున భూగోళమును చుట్టివచ్చు గొప్ప పర్వత శ్రేణి కలదని కనుగొనిరి. దాని శిఖరముల వెంబడి చీలిక లోయ కలదని 1952లో మేరీ థార్ప్ అను విదుషీమణి పటములు గీయుచు గుర్తించెను. ఆ చీలికలో భూగర్భ పదార్థము పైకి వచ్చి గట్టిపడి, క్రొత్త సముద్రతలమై ఇరుప్రక్కలకు జరుగుచుండుననియు, ఖండములు సముద్రతలమును చీల్చుకొని పోవుటలేదు, దానితోపాటు మోయబడుచున్నవనియు అమెరికా దేశపు హారీ హెస్ 1962లో ప్రతిపాదించెను. వెగెనరు 1912లో సూచించి విడిచినదియు ఇట్టిదే.

మరుసటి యేడు, 1963లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఫ్రెడరిక్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ అనువారు ఈ రెండు విషయములను ముడివేసిరి. క్రొత్త సముద్రతలము నడుమ పుట్టి రెండు వైపుల జరుగుచుండగా, భూమి యయస్కాంతము నడుమనడుమ తారుమారగుచున్నచో, చీరకు ఇరువైపుల సరిసమానముగ నేసిన అంచులవలె, శిఖరమునకు రెండు ప్రక్కల ఒకే వరుసలో అనుకూల, విపరీత పట్టీలు ఏర్పడవలెను. కెనడాకు చెందిన లారెన్స్ మోర్లే అదే భావమును స్వతంత్రముగ ఊహించి పంపగా పత్రికలు త్రోసిపుచ్చినవి. వైన్, మాథ్యూస్‌ల వ్యాసమును గూడ మొదట కొలదిమందియే లక్ష్యపెట్టిరి. 1965లో ఎల్టానిన్ అను నౌక దక్షిణ పసిఫిక్ సముద్రమున సాగించిన పరిశీలనతో సందేహము తీరెను. ఆ నౌక గీసిన అయస్కాంత రేఖను శిఖరమువద్ద మడిచినచో ఒక సగము మరియొక సగముతో కలియుచుండెను. పట్టీల వెడల్పులు రాళ్ల కాలపట్టికతో సరిపోవుచుండెను. 1968లో గ్లోమార్ చాలెంజర్ నౌక అట్లాంటిక్ తలమును త్రవ్వి చూడగా, శిఖరమునకు దూరమైనకొలది తలము వయస్సు క్రమముగా పెరుగుచున్నట్లు తేలెను. నేడు కృత్రిమోపగ్రహముల సాయముతో ఖండముల కదలికను నేరుగా కొలుచుచున్నారు. అట్లాంటిక్ సముద్రము ఏటికి రెండు మూడు సెంటీమీటర్లు, మన గోళ్లు పెరుగునంత వేగముతో, వెడల్పగుచున్నది.

మన నేల పలికిన మాట

ఈ సాక్ష్యములో మన దేశమునకును భాగము కలదు. మాథ్యూస్ 1962లో కొలతలు తీసికొనినది హిందూ మహాసముద్రమునందలి కార్ల్స్‌బెర్గు శ్రేణిపై. ఆ కొలతలే వైన్‌తో కలసి వ్రాసిన వ్యాసమునకు ఆధారము. అంతకుముందే, 1950 తరువాతి సంవత్సరములలో, ఆంగ్ల శాస్త్రజ్ఞులు దక్కను పీఠభూమి నల్లరాళ్ల అయస్కాంత దిశను పరీక్షించి, ఆ రాళ్లు చల్లారిన నాడు భారతదేశము భూమధ్యరేఖకు దక్షిణమున నుండెనని తేల్చిరి. ఆ లావా సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందటిది. అందు హెచ్చుభాగము విపరీత దిశను జ్ఞాపకముంచుకొన్నది. ఆదిలాబాదు ప్రాంతపు నల్లరాతి గట్లు ఆ ప్రవాహములోనివే. రాజమహేంద్రవరము సమీపమున గోదావరికి ఇరుదరుల నున్న నల్లరాయియు ఆ కాలమునాటిదే. మన ముంగిట మెట్టురాయి సయితము దక్షిణార్ధ గోళమునుండి నడచి వచ్చినదన్నమాట. ఇట్లు ఉత్తరమునకు సాగిన మన భూఖండము ఆసియాను తాకగా హిమాలయములు పైకిలేచినవి.

వెగెనరు చెప్పినదంతయు నిజము కాలేదు. అతడు చూపిన బలములు తప్పు, వేగములు తప్పు. అయినను మూలమైన మాట నిజమయ్యెను. ఎగతాళికి జంకి అతడు మౌనము వహించియుండినచో, సముద్రతలమునుండి క్రొత్త సాక్ష్యములు వచ్చిన నాడు వానిని కూర్చుకొనుటకు అట్టి గ్రంథము సిద్ధముగా నుండెడిది కాదు. అతని విమర్శకులు కారణము నడుగుట న్యాయమే. కారణము తెలియువరకు సాక్ష్యములవంకయే చూడకుండుట న్యాయము కాదు. బ్రూన్, మతుయామలు రాతిలో చదివినదియు, వెగెనరు పటములో చదివినదియు వేర్వేరు అలమరలలో ముప్పదియేండ్లకు పైగా విడివిడిగా పడియుండెను. ఆ పుస్తకములను ఒక బల్లపైకి తెచ్చిననాడే భూమి రహస్యము వెల్లడియయ్యెను.

గ్రంథాలయముయొక్క ప్రయోజనము ఇంతకంటె వేరొకటి లేదు. వృత్తికి పనికివచ్చు పుస్తకమును ఎవ్వరైనను చదువుదురు. తనకు సంబంధము లేదనుకొనిన పుస్తకమును తెరచినవానికి ఒక్కొక్కప్పుడు లోకమే క్రొత్తగా కన్పట్టును. గ్రీన్‌లాండు మంచులో వెగెనరు దేహము నేటికిని నిద్రించుచున్నది. ఆ మంచును మోయు నేల ఏటేట కొలదికొలదిగా కదలుచునే యున్నది.